కుంపటి దాచిన జబ్బు

నలభై ఏళ్లకు పైగా మోటారు షెడ్లలో పని చేశాను. మొదట నల్లగొండలో, తర్వాత కల్వకుర్తిలో. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా పానాల గురించి, కొత్త ఇంజన్ల గురించి అడుగుతారు. పానా పట్టడం నెల రోజుల్లో వస్తుంది. ఇంజను విప్పడం ఏడాదిలో వస్తుంది. విప్పకముందు ఏం చూడాలో తెలియడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఆ చలికాలంలో మా అన్న ప్రాణం మీదికి వచ్చింది. అక్షరాలు అరవై దాటినాక నేర్చుకున్నాను కాబట్టి ఆ సంగతి ఇన్నేళ్లూ నోటితోనే చెప్పాను. నోటితో చెప్పినప్పుడు వినేవాళ్లను బట్టి మాట మారుతుంది. అందుకని ఒకసారి రాసి పెడుతున్నాను.

ఉస్తాద్

నా పెనిమిటి బస్సు మీద క్లీనరుగా పనిచేసేవాడు. పెళ్లయిన రెండేళ్లకే జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు పద్దెనిమిది ఉంటాయేమో. పుట్టింటికి పోతే గొర్ల మంద ఉంది, పని ఉంది, కానీ వదినె ముందు పళ్లెం పెట్టుకొని కూర్చోవడం నాకు చేతకాలేదు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఖాసిం ఉస్తాద్‌కు ఒక రేకుల షెడ్డు ఉండేది. నా పెనిమిటి అక్కడ బండ్లు బాగు చేయించేవాడు. ఆయన పోయిన నెలకు ఉస్తాద్ తన భార్య బీబీని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"గాసునూనెతోని ఇంజను సామాను కడిగే పని ఉన్నది బిడ్డా. మొగోళ్లు కడిగితే సందుల్ల మన్ను అట్లనే ఉంటది. నీ చేతి గిన్నెలు చూసిన, తళతళ మెరుస్తున్నయి" అన్నాడు.

అట్లా చేరాను. ఊరు ఏమనుకుందో రాయను. కడిగిన సామాను ఏది ఎక్కడిదో తెలియాలి కదా, అట్లా ఇంజను తెలిసింది. ఒక ఏడాదికి ఉస్తాద్ నా చేతికి పానా ఇచ్చాడు. ఆడదానివి అని ఒక్కరోజు అనలేదు. తప్పు చేస్తే మాత్రం మొగోళ్లను తిట్టినట్టే తిట్టేవాడు. అది నాకు గౌరవంగా ఉండేది.

ఆయన గొప్పతనం చెవిలో ఉండేది. బండి సడక్ మీద మలుపు తిరుగుతుండగానే "మూడో ప్లగ్గు మండుతలేదు" అనేవాడు. విప్పితే అదే. అన్నం తింటున్నా, నమాజుకు కాళ్లు కడుక్కుంటున్నా ఆయన చెవి రోడ్డు మీదే ఉండేది. అట్లాంటి చెవి నాకు రాలేదు. తర్వాత ఎవ్వరి దగ్గరా చూడలేదు.

ఆ చెవే మమ్మల్ని ఆ చలికాలం దారి తప్పించింది.

నాకా దగ్గర ఆగే బండి

పోలీస్ యాక్షన్ అయిన మొదటి చలికాలం అది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. ఊళ్ల చుట్టూ గుట్టల్లో సంఘం వాళ్లు, అంటే కమ్యూనిస్టులు, ఉన్నారని ఊరికొక క్యాంపు, దారికొక నాకా. పొద్దు పొడిచేదాకా ఎవరూ గడప దాటవద్దు.

మా అన్న బీరయ్య మా ఊళ్లో ఒక కోమటాయన పికప్ నడిపేవాడు. యుద్ధం అయిపోయినాక మిలిటరీ వేలంలో కొన్న పాత బండి. ముందర ఇద్దరు కూర్చునే జాగా, వెనక చెక్క పెట్టె. తెల్లవారంగనే కూరగాయలు, పాల క్యాన్లు, ఎవరికన్నా పానం బాగలేకపోతే వాళ్లను కూడా ఎక్కించుకొని పన్నెండు మైళ్లు నల్లగొండకు వచ్చేవాడు. ఊరు దాటిన మైలుకే నాకా. అక్కడ బండి ఆపాలి. జవాన్లు పర్మిట్ చూసి, పెట్టె వెతికి వదులుతారు.

సరిగ్గా అక్కడే, నిలబడిన చోట, ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. మళ్లీ ముందర దూర్చి తిప్పే హ్యాండిల్ కొట్టి కొట్టి లేపితే గట్టిగా గుర్రుమని లేచేది. ఎక్స్‌లేటర్ వదిలితే మళ్లీ చచ్చేది. ఒకసారి వేడెక్కిందంటే నల్లగొండ దాకా పాట పాడుకుంటూ వచ్చేది.

మొదటిసారి జవాన్లు నవ్వారు. నాలుగోసారి నవ్వలేదు. ఆ నాకా పక్కనే గుట్ట ఉంది. బండి రోజూ గుట్ట కిందనే ఎందుకు ఆగుతుంది, ఇంజను మూడుసార్లు ఎందుకు గుర్రుమంటుంది, పైన ఉన్నవాళ్లకు ఏమన్నా సైగనా అని హవల్దారుకు అనుమానం వచ్చింది. మా ఊరి నుంచి అప్పటికే ఇద్దరిని క్యాంపుకు తీసుకపోయారు. వాళ్లు తిరిగి రాలేదు.

మా అన్న సంఘంలో ఉన్నాడా అని ఇప్పటికీ అడుగుతారు. వచ్చినవాళ్లకు గటుక పోశాము. రెండుసార్లు గొర్రె ఇచ్చాము. ఆ రోజుల్లో గటుక పొయ్యని ఇల్లు మా ఊళ్లో లేదు. కానీ ఆ బండితో అన్న ఎవరికీ ఏ సైగా చెయ్యలేదు. అది జబ్బు పడ్డ బండి, అంతే. దాన్ని రుజువు చెయ్యాల్సింది మా షెడ్డు.

మూడు వారాల తప్పు

అన్న ఆ బండిని మూడు వారాల్లో మూడుసార్లు తెచ్చాడు. మొదటిసారి ఉస్తాద్ విని, "ఏమాయెరా బీరయ్యా, సన్నాయి లెక్క మోగుతున్నది గద!" అన్నాడు. అయినా ప్లగ్గులు తీసి గీకాము. రెండోసారి పాయింట్లు మార్చాము. కార్బొరేటర్ విప్పి నేనే కడిగాను. చోకు తీగ సరిచేశాము. మూడోసారి, "రాత్రికి ఇక్కడనే పెట్టు, పొద్దున చల్లగున్నప్పుడు చూస్త" అన్నాడు ఉస్తాద్. తెల్లవారి నమాజు చేసుకొని వచ్చి హ్యాండిల్ కొట్టాడు. ఒక్క దెబ్బకు లేచింది. పది నిమిషాలు నిలబెట్టినా కదలలేదు, మెదలలేదు.

"బండిల ఏం లేదు. ఆ నాకా దగ్గర ఏదో దయ్యమున్నది" అని నవ్వాడు. కానీ ఆ రోజు బువ్వ సగమే తిన్నాడని బీబీ నాతో చెప్పింది.

తర్వాతి రోజు మళ్లీ ఆగింది. హవల్దార్ అన్నను దింపి, ఈసారి ఆగితే బండి ఇక్కడ, నువ్వు క్యాంపులో అని చెప్పాడు. అప్పటికే ఊళ్లో పటేలు ఇంకొక మాట మొదలుపెట్టాడు.

"సాయిబుకు ఇప్పుడు మన మీద కోపముండదారా బీరిగా? కావాల్నని చెడగొట్టి పంపుతున్నడు. వేరే షెడ్డుకు కొంటబో."

"నా చెల్లె ఆడ్నే పన్జేస్తది పటేలా. చెడగొడితే ఆమె చెడగొట్టినట్టే. నా చెల్లె నన్ను చంపుతదా?" అన్నాడట అన్న.

ఆ మాట నాకు అన్నే చెప్పాడు, ఆ సాయంత్రం నా గుడిసె ముందు కూర్చొని. నేను రొట్టె కాలుస్తున్నాను. చలికి చేతులు పొయ్యి దగ్గర పెట్టుకొని, "నీకేం చెల్లె, పొద్దున లేవంగనే కుంపటి పెట్టుకుంటరు. మా ఊళ్లె పొద్దు పొడవక ముందల బయట నిప్పు కనబడితే కాలుస్తరు. బండి కింద కుంపటి పెట్టక రెండు నెలలాయె" అన్నాడు.

రొట్టె పెంక మీదనే మాడిపోయింది.

ఇది ఇప్పటి వాళ్లకు చెప్పాలి. ఆ కాలంలో చలికి ఇంజను నూనె గట్టిపడేది, హ్యాండిల్ తిరిగేది కాదు. అందుకని డ్రైవర్లు తెల్లవారుజామున వెడల్పు కుంపట్లో నిప్పులు వేసి ఇంజను కింద పెట్టేవాళ్లు. ప్రమాదమే, కానీ అందరూ చేసేవాళ్లు. మా షెడ్డులో రాత్రి ఆగిన బండ్లకు కుంపటి పెట్టడం నా పని. ఉస్తాద్ నమాజు ముగించేలోపు నేను వచ్చి, బండి బండికీ కుంపటి జరిపి, పని మొదలయ్యేలోపు తీసేదాన్ని. అన్న బండికీ ఆ రోజు పెట్టాను. మా అన్న బండి అని ఇంకో రెండు బొగ్గులు ఎక్కువే వేశాను.

చల్లగా చూస్తానన్న మనిషికి నేను వేడి బండిని అప్పజెప్పాను. మూడు వారాలు వెతికిన జబ్బును నా చేతులతో దాచిపెట్టాను.

నాకు అప్పుడు మా బాపు గుర్తుకు వచ్చాడు. గొర్ల దొడ్డిలో ఆయన రోజూ చీకటి విడవకముందే పోయి, గొర్లు లేవకముందు ఒక్కొక్కదాన్ని చూసేవాడు. "మంద లేసినంక రోగమున్న గొర్రె గూడ నాలుగిటి తోని నడుస్తది. నడిసే గొర్రెల రోగం దొరుకదు బిడ్డా. పండుకున్నప్పుడు చూడాలె" అనేవాడు. చిన్నప్పటి నుంచి విన్న మాటే. బండికి అది పనికొస్తుందని నాకు తట్టలేదు.

చల్లటి బండి

ఉస్తాద్‌కు చెప్పడానికి భయపడ్డాను. ఆయన తిడతాడని కాదు. పటేలు మాట అప్పటికే బజారంతా తిరుగుతోంది. నేను చెడగొట్టానంటే నాతో పోదు, ఆయన మీదికి వస్తుంది. అయినా చెప్పాను.

ఆయన చేతిలోని పానా పక్కన పెట్టాడు. ఆ తర్వాత, "కుంపటి పెట్టుమని నీకు నేర్పిందెవరు?" అన్నాడు.

"నువ్వే ఉస్తాద్."

"ఇంక నువ్వెందుకు ఏడుస్తవ్? తప్పు నాది. నా చెవి మీద నాకు శాన గర్వమున్నది. చెయ్యి పెట్టి చూస్తే ఇంజను ఎచ్చగున్నదని తెలుస్తుండె గద" అన్నాడు. ఆ మాట నలుగురు పనివాళ్ల ముందు, అన్న ముందు అన్నాడు. ఆయన వయసు మనిషి, ఆయన పేరున్న మనిషి, ఆ రోజుల్లో ఆ బజారులో. నేను చూసిన మేస్త్రీల్లో చాలామంది ఆ మాట అనడం కంటే బండిని తగలబెట్టడానికి ఇష్టపడతారు.

ఆ రాత్రి బండి షెడ్డులోనే ఉంది. తెల్లవారి నేను కుంపటి ముట్టలేదు. రేకుల మీద మంచు చుక్కలు కారుతున్నాయి. ఉస్తాద్ వచ్చి ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. ఐసు లాగా ఉంది. అన్న హ్యాండిల్ కొట్టాడు. లేచింది, దగ్గింది, చచ్చింది. మళ్లీ లేచింది, మళ్లీ చచ్చింది. అన్న సిగ్గుతో తల వంచుకున్నాడు. ఉస్తాద్ మాత్రం పిల్లవాడిలాగా సంబరపడ్డాడు.

"ఆగాలె! ఇట్లనే ఆగాలె! ఎన్ని దినాలు దాసుకున్నవే!" అని బండిని తిట్టాడు.

మూడోసారి లేచినప్పుడు నన్ను నూనె డబ్బా తెమ్మన్నాడు. పొడుగు ముక్కు ఉన్న డబ్బా. కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు కలిసి ఇంజనులోకి పోయే గొట్టం ఒకటి ఉంటుంది. అది ఇంజనుకు అతుక్కునే చోట మధ్యలో ప్యాకింగ్ రేకు పెట్టి బిగిస్తారు. ఆ అతుకు వెంబడి చిక్కటి నూనె కొద్దికొద్దిగా పొయ్యమన్నాడు. ముందు భాగంలో పోశాను. ఏమీ లేదు. మధ్యలో పోశాను, లేదు. వెనక చివర, చెయ్యి మాత్రమే పట్టే సందులో పోశాను. దగ్గుతున్న ఇంజను ఒక్కసారిగా తిన్నగా అయింది. మూడు శ్వాసలంత సేపు చక్కగా నడిచి, నూనె లోపలికి పీల్చుకున్నాక మళ్లీ దగ్గింది.

"దొరికింది" అన్నాడు ఉస్తాద్.

అక్కడ ప్యాకింగ్ కాలిపోయి సందు పడింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోయి పెట్రోలు పలచబడేది, ఇంజను ఆగేది. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకునేది. జబ్బు తనను తానే దాచుకునేది, దానికి తోడు నా కుంపటి.

అప్పుడు కొత్త సామాను ఎక్కడా దొరికేది కాదు. పాత బస్సు నుంచి తీసిన ప్యాకింగ్ రేకును గొట్టం అతుకు మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట తట్టి అచ్చు తీసి, నేనే కోశాను. ఉస్తాద్ పక్కన నిలబడ్డాడు కానీ చెయ్యి పెట్టలేదు.

ఎక్కాల్సింది ఎవరు

బండి బిగించే సరికి మిట్టమధ్యాహ్నం. అన్న హ్యాండిల్ కొట్టాడు, బాగానే నడిచింది. కానీ ఎండలో ఏ బండి నడవదు? అసలు పరీక్ష తెల్లవారి నాకా దగ్గర.

"పైలంగ పో అన్నా" అన్నాను.

ఉస్తాద్ షెర్వానీ వేసుకొని వచ్చి బండి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెక్కడికి ఉస్తాద్?" అన్నాడు అన్న.

"మీ ఊరికి. ఈ రాత్రి మీ ఇంట్ల పడుకుంట. తెల్లారి నేను గూడ నాకా దాటుత."

అన్న ముఖం తెల్లబోయింది. రజాకార్ల మీది పగ సాయిబులందరి మీద తీర్చుకుంటున్న ఆ రోజుల్లో ఒక ముసలి సాయిబు ఆ ఊళ్ల మీదుగా పోవడం ఎట్లాంటిదో ఇద్దరికీ తెలుసు. బీబీ తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది.

"వద్దు ఉస్తాద్, నీకేమన్నా అయితే..." అన్నాడు అన్న.

"బండి బాగైందని చెప్పిందెవరు? నేను. నువ్వు నా మాట మీద పోతున్నవ్. నా మాట మీద నేను పోకపోతే ఎట్ల?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ప్యాకింగ్ కోసింది నువ్వు. నువ్వు గూడ ఎక్కు" అన్నాడు.

ఎక్కాను.

మా ఇంట్లో బాపు ఆయనకు గొంగడి పరిచాడు. వదినె జొన్నరొట్టె, చింతపండు తొక్కు పెట్టింది. ఆయన తిని, "ఎల్లమ్మా, మీ వదినె చెయ్యి నీ చేతి కన్న బాగున్నది" అని నన్ను ఉడికించాడు.

తెల్లవారి బండి మీద మంచు తెల్లగా ఉంది. అన్న ఒక్క దెబ్బకు లేపాడు. పాల క్యాన్లు ఎక్కించారు. నేను వెనక క్యాన్ల మధ్య కూర్చున్నాను. మైలు దూరం. నాకా దగ్గర బండి నిలబడింది. ఇంజను చిన్నగా తిరుగుతోంది. జవాన్లు పర్మిట్ తీసుకున్నారు. హవల్దార్ తొందరపడలేదు. క్యాన్ల మూతలు తీయించాడు. ఉస్తాద్ ముఖం చూశాడు, పేరు అడిగాడు, పని అడిగాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. జీవితంలో నేను విన్న చప్పుళ్లలో అంత జాగ్రత్తగా విన్నది ఇంకొకటి లేదు.

అప్పుడు హవల్దార్ చెయ్యి ఊపాడు. "బంద్ కరో."

ఆపమన్నాడు. ఆపి మళ్లీ లేపమన్నాడు. ఒక్కసారికే లేవాలన్నట్టు వేలు చూపించాడు.

అన్న ఆపాడు. హ్యాండిల్ తీసుకొని దిగాడు కానీ ఆయన చేతులు వణుకుతున్నాయి. వణికే చేతితో హ్యాండిల్ కొడితే అది వెనక్కి తన్ని మణికట్టు విరుస్తుంది. నేను పెట్టెలోంచి దూకి హ్యాండిల్ అడిగాను. జవాన్లు నవ్వారు. ఉస్తాద్ లోపలి నుంచి చోకు కొద్దిగా గుంజి, నా దిక్కు చూసి తల ఊపాడు. బొటనవేలు లోపల పెట్టవద్దని ఆయన నేర్పినట్టే పట్టుకొని కింది నుంచి పైకి ఒక్కటే గుంజు గుంజాను.

లేచింది. నిలబడింది.

హవల్దార్ పర్మిట్ తిరిగి ఇచ్చి, ఉస్తాద్‌ను ఏదో అడిగాడు. ఆయన నన్ను చూపిస్తూ జవాబు చెప్పాడు. బండి కదిలినాక ఏమన్నాడని అడిగాను.

"బాగు చేసిన మిస్త్రీ ఎవరు అన్నడు. కొట్టింది గదా, ఆమెనే అని చెప్పిన."

రెండు మైళ్లు పోయాక ఉస్తాద్ బండి ఆపమన్నాడు. దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. ఆ చలిలోనే షెర్వానీ గుండీలు విప్పుకున్నాడు. "జర ఆగుండ్రి, ఇప్పుడే వస్త" అన్నాడు, ఎక్కడికీ పోకుండానే.

ఆ తర్వాత

ఇది చదివి చల్లటి బండి ఆగితే ప్యాకింగే అనుకోవద్దు. నేనూ అట్లా అనుకొని పరువు పోగొట్టుకున్నాను. కల్వకుర్తిలో పని చేస్తున్నప్పుడు అమ్రాబాద్ నుంచి ఒక జీపు వచ్చింది. చలికి ఆగుతుందన్నారు. నేను నవ్వి, సగం ఇంజను విప్పి కొత్త ప్యాకింగ్ వేశాను. తెల్లవారి మళ్లీ ఆగింది. వాళ్లు పెట్రోలు డ్రమ్ము మూత సరిగా పెట్టక అడవి మంచంతా అందులో పడింది. పెట్రోలులో నీళ్లు. అడిగి ఉంటే రెండు నిమిషాల పని. ఒక జబ్బు తెలిసినవాడికి లోకమంతా ఆ జబ్బే కనిపిస్తుంది. అక్కడి మా యజమాని, "ఎల్లమ్మా, నీకు తెలిసింది బండికి తెల్వదు గద" అన్నాడు. ఆయన పని రాని మనిషి, కానీ ఆ మాట మాత్రం సరిగ్గా అన్నాడు.

ఖాసిం ఉస్తాద్ ఇంకా పదేళ్లు ఆ షెడ్డు నడిపాడు. ఆ పికప్ సంగతి ఎవరు అడిగినా కుంపటి పెట్టించింది తానేనని ముందు చెప్పి, తర్వాతే మిగతాది చెప్పేవాడు. మా అన్న డెబ్బై ఏళ్లు బతికి తన మంచం మీద పోయాడు.

పని మానేసినా, చుట్టుపక్కల వాళ్లు మొండి బండి దొరికితే నా దగ్గరికి తెస్తారు. ఇప్పటికీ కడిగి, వేడి చేసి, బాగా నడుస్తుందన్నట్టే తెస్తారు. మర్యాద అనుకుంటారు. నేను ఇంజను మీద అరచెయ్యి పెట్టి, రాత్రికి ఇక్కడ వదిలి పొమ్మంటాను.

మొన్న మాఘంలో ఒక డ్రైవరు తెల్లవారి బాగైన బండి తీసుకొని పోతుంటే నేను శాలువా కప్పుకొని పక్క సీటు తలుపు తీశాను.

"పెద్దమ్మా, గింత చలిల నువ్వెందుకు? బండి బాగైంది గద!"

"అందుకే. జర జరుగు" అన్నాను.